వీలునామా రాయని తండ్రి ఆస్తి: వారసులు కోర్టులో దేన్ని సవాలు చేస్తారు?

క్లుప్తంగా: వీలునామా లేకుండా తండ్రి మరణిస్తే ఎవరికెంత అన్న లెక్క చట్టంలో ముందే ఉంది. అందువల్ల కోర్టుకెక్కే తగాదాల్లో అసలు ప్రశ్నలు రెండే. ఆ ఆస్తి స్వార్జితమా, పిత్రార్జితమా? మరణం తర్వాత ఇంట్లో ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారు? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఒకే కుటుంబంలో తల్లి వాటా నాలుగెకరాల నుంచి ఎకరానికి పడిపోవచ్చు. రెండో ప్రశ్నకు జవాబు సరిగా లేకపోతే ఉన్న హక్కు కూడా చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

పెద్దకర్మ భోజనాలు ముగిసి, దూరపు బంధువులు బస్సెక్కాక వరండాలో నలుగురు పెద్దమనుషులు కూర్చుంటారు. బీరువాలోంచి తీసిన పాత దస్తావేజులు, పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం చాప మీద పరుస్తారు. ‘నాన్నగారు ఏమైనా రాసిపెట్టారా?’ అని ఒకరు అడుగుతారు. లేదన్న జవాబు వస్తుంది. ఆ తర్వాతి అరగంటలో జరిగే మాటలు, పెట్టే సంతకాలు పదేళ్ల తర్వాత ఏదో ఒక సివిల్ కోర్టులో సాక్ష్యాలుగా తేలడం తెలుగు రాష్ట్రాల్లో కొత్తేమీ కాదు.

ఇలాంటి కేసుల గురించి మాట్లాడేటప్పుడు ‘వారసత్వాన్ని సవాలు చేశారు’ అనడం వాడుక. ఆ మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. వీలునామా ఉంటే దాన్ని కొట్టేయమని అడగవచ్చు. అది నిజంగా రాసిందేనా, ఇద్దరు సాక్షులు సంతకం చేశారా, రాసినప్పుడు ఆయన స్పృహలో ఉన్నారా అని నిలదీయవచ్చు. వీలునామాయే లేనప్పుడు కొట్టేయడానికి ఏమీ ఉండదు. అప్పుడు వేసేది భాగపంపిణీ దావా. ‘నా వాటా ఇంత, దాన్ని విడదీసి నాకు అప్పగించండి’ అని అడగడమే దాని సారాంశం.

చట్టమే రాసిన పంపకం

హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకు 1956 జూన్ 17న అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. పురుషుడు వీలునామా రాయకుండా మరణిస్తే అతడి సొంత ఆస్తి ముందుగా మొదటి తరగతి వారసులకు చేరుతుంది. కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి ఈ తరగతిలో ఉంటారు. ముందే చనిపోయిన కొడుకు లేదా కూతురు ఉంటే వారి పిల్లలు ఆ వాటాను అందుకుంటారు. చనిపోయిన కొడుకు భార్యకూ అందులో చోటుంది. ఒక్కో కొడుకుకు, ఒక్కో కూతురికి, భార్యకు, తల్లికి తలా ఒక సమాన వాటా. మృతుడి తండ్రి మాత్రం రెండో తరగతిలో ఉన్నాడు. మొదటి తరగతిలో ఒక్కరున్నా ఆయనకు ఏమీ రాదు.

పెద్దమనుషుల లెక్కల్లో తరచూ జారిపోయే పేరు మృతుడి తల్లిది. నలభై అయిదేళ్ల వ్యక్తి రోడ్డు ప్రమాదంలో మరణించాడనుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు, వృద్ధురాలైన తల్లి ఉన్నారు. హైదరాబాద్‌లో అతడు కొన్న ఫ్లాటులో ఆ తల్లికి నాలుగో వంతు ఉంటుంది. కోడలు, అత్తగారు మంచిగా ఉన్నంతకాలం ఎవరూ దాన్ని పట్టించుకోరు. అత్తగారు కూడా వీలునామా రాయకుండా కన్నుమూస్తే ఆ నాలుగో వంతు ఆమె మిగిలిన సంతానానికీ, మృతుడి పిల్లలకూ పంచుకుపోతుంది. అంటే ఆ ఫ్లాటులో ఆడపడుచులు, బావగారు, మరిది వాటాదారులవుతారు. ఫ్లాటు అమ్మబోయినప్పుడు కొనేవారి వకీలు దస్తావేజులు చూసి వారందరి సంతకాలూ కావాలన్నాకే చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలుస్తుంది.

రెండో కుటుంబం ఉన్న చోట చిక్కు మరో రకం. మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు కాబట్టి రెండో భార్యకు వారసత్వం ఉండదు. ఆమె పిల్లలకు మాత్రం తండ్రి ఆస్తిలో హక్కు ఉంటుంది. ఉమ్మడి ఆస్తిలో తండ్రి వాటాకు వచ్చేదానిలోనూ వారికి భాగం ఉందని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే వారు ఉమ్మడి కుటుంబంలో పుట్టుకతో భాగస్తులు కారు. తండ్రి చేతికి వచ్చే భాగం దాకానే వారి హక్కు.

పదహారు ఎకరాల లెక్క

తగాదా ఎక్కడ పుడుతుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఒక రైతుకు పదహారు ఎకరాలున్నాయి. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఆయన తల్లి ముందే చనిపోయింది. వీలునామా లేదు.

ఆ పదహారెకరాలూ ఆయన తన సంపాదనతో కొన్నవైతే నలుగురికీ తలా నాలుగెకరాలు. ఇక్కడ తేలికే.

అవే ఎకరాలు తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే లెక్క రెండు మెట్లలో సాగుతుంది. ఆయన చనిపోయే ముందు క్షణంలో పంపకం జరిగిందని చట్టం ఊహిస్తుంది. తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు నలుగురూ భాగస్తులు కాబట్టి తలా నాలుగెకరాలు. ఆ తర్వాత తండ్రి వాటా అయిన నాలుగెకరాలు భార్యకు, ముగ్గురు పిల్లలకు తలా ఎకరం చొప్పున చేరతాయి. మొత్తం మీద పిల్లలకు అయిదేసి ఎకరాలు. భార్యకు, అంటే పిల్లల తల్లికి, ఒక్క ఎకరం.

అదే కుటుంబంలో తండ్రి 1990లో చనిపోయి, కూతురికి అంతకు చాలా ముందే పెళ్లయి ఉంటే అప్పటి చట్టం ప్రకారం తొలి మెట్టులో భాగస్తులు తండ్రి, ఇద్దరు కొడుకులే. ఒక్కో కొడుకుకు 6 ఎకరాల 66 సెంట్లు, కూతురికి 1 ఎకరం 33 సెంట్లు, తల్లికీ అంతే దక్కేవి. 2005 సవరణ కూతురి అంకెను 1.33 నుంచి 5కు తీసుకెళ్లింది. తల్లి అంకె మాత్రం 1.33 నుంచి 1కి తగ్గింది. ఆడపిల్లకు సమానత్వం తెచ్చిన సవరణగా అందరూ చెప్పుకొనే చట్టంలో తల్లి వైపు జరిగిన ఈ కోత గురించి చర్చ దాదాపు లేదనే చెప్పాలి.

ఈ కోతకు మూలం దక్షిణాది సంప్రదాయంలో ఉంది. తండ్రీకొడుకుల మధ్య పంపకం జరిగినప్పుడు భార్యకు కూడా ఒక వాటా ఇవ్వాలన్న మితాక్షర (పాత హిందూ న్యాయగ్రంథం) నియమం మద్రాసు ప్రాంతపు ఆచరణలో ఎప్పుడో మరుగున పడింది. మహారాష్ట్రలో అది నిలిచే ఉంది. అక్కడ ఇదే కుటుంబం ఉంటే ఊహించిన పంపకంలో తండ్రి, తల్లి, ముగ్గురు పిల్లలు అయిదుగురికి 3 ఎకరాల 20 సెంట్ల చొప్పున వస్తాయి. తండ్రి భాగం మళ్లీ నలుగురికి 80 సెంట్ల చొప్పున పంచితే అందరికీ సరిగ్గా నాలుగేసి ఎకరాలు తేలతాయి. అదే చట్టం, అదే సంఖ్యలో కుటుంబ సభ్యులు, అయినా గోదావరికి ఎగువన వితంతువుకు నాలుగెకరాలు, దిగువన ఒక ఎకరం.

ఇతర మతాల వారికి ఈ రెండు మెట్ల లెక్కే లేదు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు, మిగిలినది పిల్లలందరికీ సమానంగా. పై ఉదాహరణలో తల్లికి 5 ఎకరాల 33 సెంట్లు, పిల్లలకు మూడున్నర ఎకరాలకు కొంచెం పైన వస్తాయి. ముస్లింల సున్నీ హనఫీ సంప్రదాయంలో భార్యకు ఎనిమిదో వంతు, అంటే రెండెకరాలు. మిగిలిన పద్నాలుగు ఎకరాలు కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు చొప్పున పంచుతారు. కొడుకులకు 5 ఎకరాల 60 సెంట్లు, కూతురికి 2 ఎకరాల 80 సెంట్లు. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప వారి ఆచారమే ప్రమాణం.

‘తాత ఆస్తి’ అంటే పిత్రార్జితమేనా?

అందుకే ఈ దావాల్లో మొదటి పోరు ‘స్వార్జితం’, ‘పిత్రార్జితం’ అన్న రెండు మాటల మీద నడుస్తుంది. ఎవరు ఏ మాటను పట్టుకుంటారన్నది వారి అవసరాన్ని బట్టి ఉంటుంది. తండ్రి బతికుండగా పెద్దకొడుకు పేరున గిఫ్ట్ డీడ్ రాశారనుకుందాం. స్వార్జితమైతే ఆయన ఇష్టం, ఎవరికైనా రాయవచ్చు. కాబట్టి పెద్దకొడుకు స్వార్జితమంటాడు. చెల్లెలు పిత్రార్జితమంటుంది. ఉమ్మడి ఆస్తి మొత్తాన్ని ఒక్కరికి దానమివ్వడానికి తండ్రికి అధికారం లేదు కనుక. గిఫ్ట్ డీడే లేని ఇంట్లో తల్లికి లాభం స్వార్జితం. పిల్లలకు లాభం పిత్రార్జితం. తల్లి, కూతురు ఒకే వకీలును పెట్టుకున్నా వారి ప్రయోజనాలు ఒకటి కావు.

తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితమేనని, మనవడికి అందులో జన్మహక్కు ఉంటుందని గట్టి నమ్మకం ఉంది. 1956 తర్వాత పరిస్థితి అది కాదు. తాత తన సంపాదనతో కొన్న ఆస్తి, ఆయన 1956 తర్వాత వీలునామా లేకుండా చనిపోతే, కొడుకుకు సొంత ఆస్తిగా వస్తుంది. మనవడికి పుట్టుకతో వచ్చే వాటా అందులో లేదు. 1986లో చందర్ సేన్ కేసులో, 1987లో యుధిష్ఠిర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. తాత 1970లో చనిపోయాడా, 1950లో చనిపోయాడా అన్న ఒక్క వివరం మీద మనవడి దావా నిలవడమో కూలడమో జరగవచ్చు. అన్నదమ్ములు ఉమ్మడి ఆస్తిని పంచుకున్నాక ఒకరి వాటాకు వచ్చిన భూమి వారి పిల్లల విషయంలో ఉమ్మడిదిగా ఉండిపోతుందా అన్న ప్రశ్నపై సుప్రీంకోర్టు తీర్పులు కూడా ఒకే మాట మీద లేవు.

రుజువు భారం మరో మలుపు. కుటుంబం ఉమ్మడిగా ఉన్నంత మాత్రాన ఆస్తి ఉమ్మడిదని కోర్టు అనుకోదు. ఉమ్మడి ఆస్తి అన్నవారే ముందు దాన్ని చూపాలి. పాత భూమి ఉందని, దాని రాబడితో కొత్త భూమి కొనగలిగే స్థితి ఉందని నిరూపిస్తే అప్పుడు భారం అవతలివారి మీదికి మారుతుంది. ఇక్కడ పనికొచ్చేవి పాత లింకు దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), పాత అడంగల్ లేదా పహాణీ (సాగు రికార్డు) నకళ్లు, తండ్రి ఉద్యోగపు జీతం వివరాలు. తండ్రి ప్రభుత్వ ఉపాధ్యాయుడైతే పొలం కొన్న ఏడాదిలో ఆయన జీతమెంతో చూపడం స్వార్జితమన్న వాదనకు బలం. ‘మా నాన్న కష్టపడి కొన్నాడు’ అన్న మాట నిజమే కావచ్చు, కానీ దానికి కాగితం తోడు కావాలి.

ఆడపిల్లల హక్కు: ఈ తేదీలే కీలకం

దేశంలో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురిని కొడుకుతో సమానంగా పుట్టుకతో భాగస్తురాలిని చేసిన తొలి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు పదేళ్ల ముందే కేరళ 1975 చట్టంతో ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేసింది కానీ, పద్ధతిని ఉంచి కూతుళ్లను అందులోకి తెచ్చింది మాత్రం ఆంధ్రప్రదేశే. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తర్వాత అదే బాట పట్టాయి. అయితే ఆ సవరణలో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించదు. 1985 ఆగస్టులో పెళ్లయిన అక్కకు లేని హక్కు అక్టోబరులో పెళ్లయిన చెల్లెలికి ఉండేది. నాటి ముహూర్తం రెండు నెలలు ఆలస్యమైనందుకు ఎకరాలు దక్కిన ఆడపడుచులు ఉన్నారంటే వింతగానే ఉంటుంది.

2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. పెళ్లయినా కాకున్నా కూతురికి సమాన హక్కు. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా అన్న అనుమానం మరో పదిహేనేళ్లు కేసులను వేలాడదీసింది. ఉండాలని 2015లో ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో మరో ధర్మాసనం వేరే ఫలితం ఇచ్చింది. చివరకు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని, తండ్రి 2005కు ముందే పోయినా ఆ హక్కుకు భంగం లేదని తేల్చింది.

ఆ తీర్పుతో పాత పంపకాలన్నీ తిరగదోడవచ్చని అనుకోవడం తప్పు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలు, కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలు, అప్పటికే జరిగిన అమ్మకాలు చెల్లుతాయి. చిక్కంతా నోటిమాట పంపకాలతో వస్తుంది. పెద్దమనుషుల ముందు గట్లు వేసుకుని ఎవరి చెక్క వారు దున్నుకుంటున్న కుటుంబాలు తెలుగునాట లెక్కలేనన్ని. నోటిమాట పంపకాన్ని మామూలుగా ఒప్పుకోరాదని, ప్రభుత్వ రికార్డుల బలమైన ఆధారం ఉంటేనే అరుదుగా పరిశీలించాలని 2020 తీర్పు చెప్పింది. కాబట్టి 1998 నుంచి అన్నదమ్ముల పేర్లతో విడివిడిగా పాసుపుస్తకాలు, విడివిడిగా పంట రుణాలు ఉన్న ఇల్లు ఒక స్థితిలో, అన్నీ ఇంకా తండ్రి పేరునే ఉన్న ఇల్లు మరో స్థితిలో ఉంటాయి.

కోర్టులో సగం దారిలో ఉన్న పంపకం కూడా పంపకం కిందికి రాదు. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో 1999లో ఎవరికెన్ని పాళ్లో తేల్చే ప్రాథమిక డిక్రీ వచ్చింది. తుది డిక్రీ రాకముందే 2005 సవరణ వచ్చింది. ఆ డిక్రీని మార్చి కూతుళ్లకు సమాన వాటా ఇవ్వాలని 2011లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

కట్నం ఇచ్చాం కదా అన్న వాదన కుటుంబంలో ఎంత బలంగా వినిపించినా కోర్టులో దానికి విలువ లేదు. పెళ్లికి పెట్టిన ఖర్చును వారసత్వ వాటాలోంచి మినహాయించే నియమం చట్టంలో ఎక్కడా లేదు. పసుపుకుంకుమ కింద ఇచ్చామన్న పొలం మాత్రం వేరే తలనొప్పి. నోటితో ఇచ్చి, పాసుపుస్తకం తండ్రి పేరునే ఉంచేస్తే ఆయన మరణం తర్వాత అది మళ్లీ పంపకంలోకి వచ్చి కూర్చుంటుంది.

సర్టిఫికెట్లు, సంతకాలు

మరణం తర్వాత వచ్చే కాగితాల్లో ఏది హక్కునిస్తుందో, ఏది ఇవ్వదో తెలియకపోవడమే సగం కేసులకు కారణంగా కనిపిస్తుంది. మీసేవ ద్వారా తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం పింఛను, ఉద్యోగ ప్రయోజనాల వంటి వాటికి ఉద్దేశించినది. అందులో పెళ్లయిన కూతురి పేరు లేకపోతే ఆమె వాటా పోదు. ఉన్నంత మాత్రాన వాటా రుజువైనట్టూ కాదు. బ్యాంకులో నామినీగా ఒక్క కొడుకు పేరే ఉంటే బ్యాంకు డబ్బు అతడి చేతికి ఇస్తుంది. కానీ ఆ డబ్బును అతడు వారసులందరి తరఫున తీసుకున్నట్టే లెక్క. జీవిత బీమాలో భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే 2015 సవరణ తర్వాత పరిస్థితి కొంత వేరు.

మ్యుటేషన్ కూడా ఇంతే. రెవెన్యూ రికార్డులో పేరు మారడం శిస్తు, సాగు వివరాల కోసం. దానితో యాజమాన్య హక్కు పుట్టదని సుప్రీంకోర్టు పదేపదే చెబుతూనే ఉంది. అయినా ఆచరణలో పాసుపుస్తకం చేతిలో ఉన్నవారికే బ్యాంకు రుణమిస్తుంది, కొనేవారు బయానా ఇస్తారు. తెలంగాణలో 2020 అక్టోబరులో భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలయ్యాక, రెవెన్యూ కోర్టులు రద్దయ్యాక ఈ అంతరం మరింత ఇబ్బంది పెట్టింది. తప్పుగా జరిగిన విరాసత్ (వారసుల పేరున రికార్డు మార్పు)పై వెళ్లడానికి సివిల్ కోర్టు తప్ప దగ్గర్లో మరో గడప లేకుండా పోయింది. 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి చట్టం ఆర్డీవో, కలెక్టర్ల వద్ద అప్పీలు చేసుకునే వీలును మళ్లీ తెచ్చింది. హక్కు ఎవరిదో తేల్చే పని మాత్రం ఇప్పటికీ సివిల్ కోర్టుదే.

ఇక పెద్దకర్మ రోజు తెల్లకాగితం సంగతి. ‘నాకు నాన్నగారి ఆస్తిలో ఏ హక్కూ వద్దు’ అని అక్కతో రాయించుకున్న కాగితం ఆమె వాటాను తీసేయదు. స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే హక్కు విడుదల దస్తావేజు స్టాంపు కాగితం మీద రాసి, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించాలి. అయితే ఆ కాగితాన్ని పూర్తిగా తీసిపారేయడానికీ లేదు. అప్పటికే నోటిమాటగా కుదిరిన కుటుంబ ఒప్పందాన్ని గుర్తు కోసం రాసుకున్న పత్రానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది స్థిరపడిన సూత్రం. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక ‘ఖరారునామా’ మీద 2021లో సుప్రీంకోర్టు అదే చెప్పింది. అంటే కాగితంలో ‘ఇందుమూలంగా వదులుకుంటున్నాను’ అని ఉందా, ‘ఫలానా నాడు పంచుకున్నాం’ అని ఉందా అన్నది తేడా తెస్తుంది. రాసిన గుమాస్తాకు ఆ తేడా తెలిసి ఉండకపోవచ్చు. తీర్పు మాత్రం దాని మీద ఆధారపడుతుంది.

తండ్రి బతికుండగానే రాయించుకున్న విడుదల ఇంకో రకం. ఆయన స్వార్జితంలో ఆయన ఉన్నంతకాలం పిల్లలకు హక్కే ఉండదు కాబట్టి లేని హక్కును వదులుకోవడం కుదరదు. కానీ డబ్బు తీసుకుని రాసిచ్చి, తండ్రి పోయాక మళ్లీ వాటా అడిగితే కోర్టు ఒప్పుకోకపోవచ్చు.

గడువు ఎప్పుడు మొదలవుతుంది?

‘పన్నెండేళ్లు దాటితే హక్కు పోతుంది’ అన్న మాట అందరి నోటా ఉంది. అది సగమే నిజం. ఉమ్మడి ఆస్తి నుంచి తనను తప్పించారని తెలిసిన నాటి నుంచి పన్నెండేళ్లు అన్నది లిమిటేషన్ చట్టంలోని నియమం. తండ్రి చనిపోయిన రోజుకు దానితో సంబంధం లేదు. ఉమ్మడి వాటాదారుల్లో ఒకరు అనుభవిస్తుంటే అది అందరి తరఫున అనుభవించినట్టే. అన్న ముప్ఫై ఏళ్లుగా పొలం సాగు చేస్తున్నా, ఏటా చెల్లెలికి బియ్యం బస్తాలు పంపుతున్నా, ఆమె వాటాను కాదని బహిరంగంగా అననంతకాలం గడియారం కదలదు. ఆ బియ్యం బస్తాలు తర్వాత ఆమె వైపు సాక్ష్యమవుతాయి.

గడియారాన్ని కదిలించేది తిరస్కారం. లీగల్ నోటీసుకు ‘నీకు వాటా లేదు’ అన్న జవాబు, ఆమెకు తెలిసేలా జరిగిన అమ్మకం వంటివి. తానే సంతకం చేసిన దస్తావేజును మోసమని రద్దు చేయించుకోవాలంటే గడువు ఇంకా తక్కువ. సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్లే. సంతకం చేయనివారికి ఆ దస్తావేజును రద్దు చేయించాల్సిన పనే లేదు. అది తన వాటాకు వర్తించదని ప్రకటించమంటే చాలు. సంతకం పెట్టిన అక్క, పెట్టని చెల్లెలు ఒకే దావాలో ఉన్నా వారి దారులు వేరు.

అన్న మొత్తం పొలం అమ్మేసినా కొన్నవారికి దక్కేది అన్న వాటాయే. దావా నడుస్తుండగా కొన్నవారు తీర్పుకు కట్టుబడక తప్పదు. వారసుల్లో ఒకరు బయటివారికి అమ్మబోతే ముందుగా కొనే హక్కు తోటి వారసులకు ఉంది. వ్యవసాయ భూమికీ ఇది వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

విదేశాల్లో స్థిరపడిన పిల్లలకు పౌరసత్వం మారినంత మాత్రాన వారసత్వం పోదు. వ్యవసాయ భూమి కొనడానికి వారికి ఆంక్షలున్నా, తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా పొందడానికి అడ్డు లేదు. వారి తరఫున ఊళ్లో ఉన్న తమ్ముడికి ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీలో అమ్మే అధికారం కూడా ఉందా అన్నది సంతకం పెట్టేముందు చదవాల్సిన వాక్యం.

దావా దారి

భాగపంపిణీ దావాలో కోర్టు ఫీజే మొదటి మెట్టు. ఆస్తి ఉమ్మడి అనుభవంలోనే ఉందంటే నిర్ణీత ఫీజు సరిపోతుంది. తనను పూర్తిగా వెళ్లగొట్టారంటే తన వాటా మార్కెట్ విలువను బట్టి కట్టాలి. హైదరాబాద్ శివార్లలో ఎకరం ధర తెలిసినవారికి ఈ తేడా ఎంతో వివరించనక్కర్లేదు. దావాతో పాటే అమ్మకాలు ఆపే తాత్కాలిక ఉత్తర్వు కోరతారు. ఒక్క వారసుడినీ వదలకుండా అందరినీ పార్టీలుగా చేర్చాలి, పంచాల్సిన ఆస్తులన్నీ షెడ్యూలులో చూపాలి. ఊళ్లో పొలం మీద దావా వేసి తన పేరున ఉన్న పట్నం ప్లాటును దాచినవారికి ఆ దాపరికమే ఎదురు తిరుగుతుంది.

విచారణ ముగిశాక వచ్చేది ప్రాథమిక డిక్రీ. అందులో ఎవరికెన్ని పాళ్లో ఉంటుంది, ఏ గట్టు నుంచి ఏ గట్టు వరకో ఉండదు. తర్వాత అడ్వొకేట్ కమిషనర్ సర్వేయరుతో వెళ్లి కొలతలు తీస్తాడు. శిస్తు కట్టే వ్యవసాయ భూమిని విడదీసే పని కలెక్టరుకు పంపవచ్చు. రోడ్డు పక్కన ఉన్న రెండెకరాలు, లోపలున్న రెండెకరాలు విలువలో ఒకటి కావు. బోరు ఒకరి చెక్కలో పడితే నీళ్ల మాటేమిటి? పంచలేని పాత ఇల్లయితే 1893 నాటి పార్టిషన్ చట్టం కింద అమ్మి డబ్బు పంచవచ్చు, వాటాదారులే కొనుక్కోవచ్చు. ఇన్నేళ్లు పంట తిన్నవారి నుంచి మిగతావారికి రావాల్సిన రాబడి లెక్క కూడా ఈ దశలోనే తేలుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఇవన్నీ ఒక్కరోజులో ముగుస్తాయి, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, అప్పీలు ఉండదు.

రాజీ కుదరని చోట ప్రాథమిక డిక్రీకి, తుది డిక్రీకి మధ్య కేసులు ఏళ్ల తరబడి నిద్రపోవడం చూసి, ప్రాథమిక డిక్రీ ఇచ్చాక మరో దరఖాస్తు కోసం ఆగకుండా కోర్టులే ముందుకు సాగాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తుది డిక్రీని స్టాంపు కాగితం మీద ఎక్కించాకే అది అమలవుతుంది. ఈలోగా పార్టీల్లో ఒకరు కన్నుమూస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పదహారు ఎకరాల ఉదాహరణలో తల్లి దావా మధ్యలో మరణించి, ఆమె కూడా ఏమీ రాయకపోతే, ఆమె ఎకరం ముగ్గురు పిల్లలకు సమానంగా చేరుతుంది. స్త్రీ ఆస్తిలో జన్మహక్కులు, ఊహించిన పంపకాలు లేవు కాబట్టి ఆ లెక్క ఒక్క మెట్టులోనే తేలుతుంది: తలా 33 సెంట్లు, పైన ఒక సెంటుకు గట్టు ఎక్కడ వేయాలన్న తగవు.